మా ఇంటి వాల్వుని రోడ్డు కింద కప్పెట్టేసిన అందరికీ, అందులో నేనూ ఉన్నాను

పంచాయతీ వారికి, మంచినీళ్ళ స్కీము చూసే ఇంజనీరు గార్లకి, మా వీధిలో సీసీ రోడ్డు పోసిన కాంట్రాక్టరు గారికి, మా వీధి 31 గడపల వాళ్ళకి నమస్కారమండి.

ఊరి పేరు రాయట్లేదు, అమలాపురం దగ్గరే అనుకోండి, చదివితే మీకే తెలిసిపోద్ది రాసింది ఎవరో, ఎందుకంటే ఈమధ్య ఒకరోజు పొద్దున్న ఊరు మొత్తానికి కొళాయి రాలేదు కదా, "ఎవరింట్లోనో పైపు పగిలిందంట, దానికి ఊరందరికీ ఆపాలా" అని తిట్టుకున్నారు కదా, ఆ ఇల్లు మాదే. ఆ తిట్లు నా చెవిన కూడా పడ్డాయి, న్యాయమే, నేనైనా తిట్టేదాన్నే. కానీ ఒక్క ఇంట్లో పైపు పగిలితే ఊరంతటికీ నీళ్ళు ఎందుకు ఆపాల్సొచ్చిందీ అని మాత్రం ఒక్కళ్ళూ అడగలేదు, అందుకని నేనే రాస్తన్నాను. ఇంకో కారణం కూడా ఉందండి, మా గేటు ముందు రోడ్డులో నేను తవ్వించిన గుంటని వారం లోపల సిమెంటు పెట్టి పూడ్చెయ్యమని పంచాయతీ నించి కబురొచ్చింది. పూడ్చను. ఎందుకు పూడ్చనో మొత్తం చదివి అప్పుడు కోప్పడండి.

కార్తీకమాసంలో ఒకరోజు తెల్లారుజామున అత్తయ్యగారు దీపం పెట్టుకోడానికి లేచి వత్తుల డబ్బా కోసం పడమటి గదిలోకి వెళ్తే కాళ్ళకి తడి తగిలింది. ఆ గదిలోనే ఏడాది తిండికి దాచుకున్న ధాన్యం 14 బస్తాలు ఉన్నాయి. ముందు చెమ్మ అనుకున్నాం, కోనసీమలో గచ్చుకి చెమ్మ ఎక్కడం వింతేం కాదు కదా. కానీ 7 అయ్యేసరికి ఊట ఆగిపోయింది, మర్నాడు 5:30కి మళ్ళీ మొదలైంది, మాకు కొళాయి వచ్చే టైము కూడా సరిగ్గా అదే. గచ్చు పగలగొట్టి చూస్తే మామగారి హయాంలో వేసిన జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనప పైపు, ఎల్బో అనే వంపు దగ్గర తుప్పు తినేసి ఉంది, వేలు పెడితే వేలు దూరుతోంది. ఇంక రోజూ కొళాయి వచ్చినంతసేపూ నేనూ అత్తయ్యగారూ ఆ గోతిలోంచి తోడి పెరట్లో పారబొయ్యడమే పని, 20 లీటర్ల బకెట్టు 4 నిమిషాలకొకటి నిండేది, అంటే గంటన్నరకి 450 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం పల్లెటూళ్ళో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలి కదండీ, ఎనిమిది మంది వాటా మా పడమటి గదిలో పోయింది, 8 రోజులు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగతో బిగించాను, ఒక పూట ఆగింది, మర్నాడు ప్రెషర్ రాగానే ఊడి నా మొహాన కొట్టింది. బస్తాలు వసారాలోకి మార్చేలోపే రెండు బస్తాల ధాన్యం మొలకలొచ్చేసింది.

గేటు దగ్గర వాల్వు కట్టేస్తే సరిపోయేదానికి ఇంత రామాయణం ఎందుకమ్మా అంటారు. అక్కడికే వస్తన్నాను.

మామగారు కొళాయి వేయించుకున్నప్పుడు గేటు బయట గోడ వారన నాలుగు ఇటుకలు పేర్చి చిన్న గుంట కట్టించి అందులో ఇత్తడి గేట్ వాల్వు పెట్టించారు, పైన రేకు మూత. తర్వాత మా ఆయన కువైట్ నించి సెలవకి వచ్చినప్పుడు బండి ఎక్కించడానికి ర్యాంపు పోయించాం, ఆ మూత అడ్డం వస్తోందని దాని మీద నాపరాయి వేసి పైన సిమెంటు పులిమించాం, "కావాలంటే అప్పుడు తియ్యచ్చులే" అని మేస్త్రీకి చెప్పింది నేనే, ఇంకెవరూ కాదు. ఆ తర్వాత సీసీ రోడ్డు వచ్చింది, రోడ్డు ఆరంగుళాలు పైకి లేచింది, మా ర్యాంపు అంచు అందులో కలిసిపోయింది. రోడ్డు పోసిన రోజు మేమందరం కూలీలకి మజ్జిగ ఇచ్చాం, పిల్లలు తడి సిమెంటు మీద పేర్లు రాస్తంటే కేకలేసాం, ఒక్కళ్ళకీ వాల్వులు గుర్తు రాలేదు.

సరే, కొబ్బరి దింపు తీసే అబ్బాయిని బతిమాలి పలుగు పెట్టి కొట్టించాను. మొదటి రోజు తప్పు చోట కొట్టాడు, పాపం అతని తప్పేం ఉంది, నేనే చూపించాను. రెండో రోజు మధ్యాహ్నానికి నాపరాయి తగిలింది, దాన్ని లేపితే కింద గుంట నిండా సిమెంటు పాలు దిగి గట్టిపడిపోయి ఉంది, వాల్వు చక్రం సగం అందులో పాతుకుపోయి ఉంది, ఉలి పెట్టి చుట్టూ గీకి గీకి తీస్తే చక్రం విరిగి చేతిలోకొచ్చింది. మర్నాడు పొద్దున్న కొళాయి వచ్చే టైముకి ప్లంబరు గారొచ్చి స్పిండిల్‌కి, అంటే చక్రం కింద ఉండే కడ్డీకి, పానా వేసి తిప్పారు. తిరిగింది! ఎంత తేలిగ్గా తిరిగిందో, అత్తయ్యగారైతే దణ్ణం కూడా పెట్టేసారు. ఆయన మాత్రం మొహం మాడ్చుకుని, "అంత తేలిగ్గా తిరిగితే మంచిది కాదమ్మా" అన్నారు. లోపలికెళ్ళి చూస్తే గోతిలో నీళ్ళు ఎప్పట్లాగే ఉబుకుతున్నాయి. పైన స్పిండిల్ తిరుగుతోంది, లోపల నీళ్ళు ఆపాల్సిన బిళ్ళ దాన్నించి ఊడిపోయి కిందకి దిగకుండా తెరిచినట్టే ఉండిపోయింది.

ఇంక వీధి వాల్వు కట్టించుకుందామని నీళ్ళు వదిలే అబ్బాయి దగ్గరికి వెళ్ళాను. ఆ అబ్బాయి మంచోడే, కొత్తగా చేరాడు, "రామాలయం ఎదురుగా ఎక్కడో ఉండాలండి, ముందు చేసిన బాబాయ్‌కి తెలుసు" అన్నాడు. ఆ బాబాయ్‌ని ఇంటి దగ్గర పట్టుకుంటే పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి రోడ్డు మధ్యలో నిలబడి అటు చూసి ఇటు చూసి, "ఇక్కడో వేపచెట్టు ఉండాలి కదమ్మా" అన్నాడు. ఆ చెట్టు రోడ్డు కోసమే కొట్టేసారు. ఆయన ఆనవాలు పోయింది, దాంతో వాల్వూ పోయింది. అంటే మా ఇంటికీ ఓవర్‌హెడ్ ట్యాంకుకీ మధ్య ఆ రోజుకి పనిచేసే వాల్వు ఒక్కటంటే ఒక్కటి లేదు, ట్యాంకు కింద ఉన్నది తప్ప. అది కట్టేస్తే ఊరంతటికీ బంద్. తొమ్మిదో రోజు అదే చేసారు, మీరంతా తిట్టుకున్న రోజు అదే.

ఈ 9 రోజుల్లో నేను తిరిగిన చోట్లు కూడా చెప్పాలి. ఒక చోట "ఇంటి కనెక్షన్ వాల్వు మీదే, మీరే చూసుకోవాలి" అన్నారు. బాగానే ఉంది, చూసుకుంటాను, రోడ్డు తవ్వనా అంటే "రోడ్డు ముట్టుకోడానికి వీల్లేదు, అది వేరే వాళ్ళది" అన్నారు. ఆ వేరే వాళ్ళ దగ్గరికెళ్తే "మేం రోడ్డు వేస్తాం అంతే, నీళ్ళ సంగతి మాకు తెలీదు" అన్నారు. కాంట్రాక్టరు గారు మీరు మాత్రం ఫోన్ ఎత్తి మర్యాదగానే మాట్లాడారండి, "అమ్మా, వాల్వు గుంటలు పైకి లేపడం ఎస్టిమేట్‌లో లేదు" అన్నారు. మీరు అబద్ధం చెప్పలేదని నాకు తెలుసు, అడిగితే ఎస్టిమేట్ కాగితం కూడా చూపించారు, నిజంగానే లేదు. నాకు అర్థం కానిది ఏంటంటే వాల్వు నాది, దాని మీద రోడ్డు మీది, లోపల నీళ్ళు పంచాయతీవి, ఈ ముగ్గురం ఉన్నది ఒక్క అడుగు చోటులోనే కదా, ఆ ఎస్టిమేట్ రాసేటప్పుడు ఎవరో ఒకరు ఒక్కసారి వీధిలో నడిచి చూస్తే ఏం పోయింది.

పాత వాల్వుని ప్లంబరు గారు కోసి తీసి మా అరుగు మీద పెట్టి హ్యాక్సా బ్లేడుతో నిలువునా చీల్చి చూపించారు, నేనే అడిగాను చూపించమని. గేట్ వాల్వు అంటే ఏంటో నలభై రెండేళ్ళకి అప్పుడు తెలిసింది నాకు. లోపల చీలికలాంటి బిళ్ళ ఒకటి ఉంటుంది, చక్రం తిప్పితే మర మీద ఎక్కి దిగుద్ది, కిందకి దిగి గాడిలో కూర్చుంటే నీళ్ళు ఆగుతాయి. మా దాని అడుగు గాడిలో బురద, తుప్పు పొడి కలిసి రాయిలా గట్టిపడి ఉన్నాయి, మేకు పెట్టి పొడిస్తే కానీ ఊడలేదు. కాలవ నీళ్ళు ఎంత ఫిల్టర్ బెడ్ మీంచి వచ్చినా సన్న ఒండ్రు కొంచెం వస్తానే ఉంటుందంట, ఆ బిళ్ళ ఏళ్ళ తరబడి కదలకపోతే అంతా దాని చుట్టూ చేరుద్ది. బిళ్ళ కూడా పసుపు రంగు పోయి గులాబీ రంగులోకి తిరిగింది, గోరు పెట్టి గీకితే రాలింది, ఇత్తడిలో జింకు నీళ్ళలోకి పోయి రాగి మాత్రం గుల్లగా మిగిలితే అలా అవుద్దంట. "ఇది ఇత్తడి కాదమ్మా, ఇత్తడి శవం" అన్నారు ఆయన. ఆ రెండు ముక్కలూ మా కిటికీలో పెట్టాను, ఎవరైనా వచ్చి చూడచ్చు.

అది చూస్తంటే మా అమ్మ వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. తాతయ్య లాకుల దగ్గర లస్కరు, అంటే కాలవ తలుపులు ఎత్తీ దించే పనివాడు. ఏటా ఎండల్లో కాలవలు కట్టేసినప్పుడు అందరికీ సెలవలైతే ఆయనకి పని ఎక్కువ, తూముల షట్టర్ల మర రాడ్లన్నీ కొబ్బరి పీచుతో తోమి, కిరసనాయిలు పూసి, గ్రీజు పెట్టి, ఒక్కొక్కటీ కిందకి పైకి తిప్పి చూసేవాడు, మేం పిల్లలం ఆ చక్రం మీద వేలాడితే తిట్టేవాడు. కాలవలో చుక్క నీరు లేదు కదా తాతయ్యా ఇప్పుడెందుకు తిప్పడం అంటే, "ఏడాదికి రెండుసార్లన్నా తిప్పకపోతే మర అలుగుద్దే, అలిగిందాన్ని బతిమాలాలి, బలం చూపిస్తే విరుగుద్ది" అనేవాడు. ధవళేశ్వరం బ్యారేజీకి నాలుగు ఆర్ములూ, అంటే నాలుగు భాగాలూ, కలిపి 175 గేట్లు ఉన్నాయండి, వరదొస్తే ఏ గేటూ మొరాయించకూడదని అంత శ్రద్ధ పెడతారు. కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన 1852 నించీ ఈ డెల్టా బతుకంతా తలుపు ఎప్పుడు ఎత్తాలి ఎప్పుడు దించాలి అన్నదాని మీదే నడుస్తోంది, అలాంటి చోట పుట్టి మన గుమ్మం ముందున్న ఒక్క అరంగుళం తలుపుని ఏనాడూ తిప్పి చూడలేదు మనం. నాకు సిగ్గేసింది.

మాకు వాల్వు ఎందుకండీ, మా పైపులు బాగానే ఉన్నాయిగా అనుకునేవాళ్ళకి ఒక మాట. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసినప్పుడు మా పుట్టింటి లంకలో వీధుల్లో నడుంలోతు నీళ్ళు. మా తమ్ముడు నీళ్ళు గేటు దాటకముందే చేసిన మొదటి పని కొళాయి వాల్వు కట్టెయ్యడం, తర్వాతే గేదెల్ని గట్టు మీదకి తోలాడు. వరద తీసాక వీధి లైన్లో ఎర్ర బురద వచ్చింది రెండు రోజులు, వాడి సంపులోకి మాత్రం ఆ బురద రాలేదు, పక్కింటి వాళ్ళు సంపు తోడి కడుక్కోడానికి మూడు రోజులు పట్టింది. వరద లేకపోయినా రోజూ జరిగేది ఇంకోటుంది. మన వీధిలో సగం ఇళ్ళ పైపులు మురుగు కాలవలోంచే కదా వచ్చేది, రోజులో ఇరవై రెండు గంటల పైన లైను ఖాళీగా ఉంటుంది, నీళ్ళు ఆపగానే పైపు లోపలికి పీల్చుకుంటుంది, ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి మురుగు లోపలికి పోద్ది, మర్నాడు పొద్దున్న మొదటి బిందెలో అదే వస్తుంది. మొదటి రెండు నిమిషాల నీళ్ళు వాసనొస్తన్నాయని అందరూ అంటారు, బ్లీచింగు ఎక్కువేసారని సరిపెట్టుకుంటారు. పగిలిన పైపు బాగు చెయ్యాలంటే ముందు నీళ్ళు ఆగాలి, ఆపడానికి వాల్వు లేక "ఇంకో రోజు చూద్దాంలే" అని వదిలేసిన చిల్లులు మన వీధిలోనే ఎన్ని ఉన్నాయో ఎవరింటి సంగతి వాళ్ళకి తెలుసు.

వీధి వాళ్ళకి నేను నేర్చుకున్నది చెప్తాను, ప్లంబరు గారు చెప్పిందే. ఇంకా పైకి కనపడతన్న వాల్వులు ఒక తొమ్మిదో పదో ఉన్నాయి, వాటినన్నా కాపాడుకుందాం. బిగుసుకుపోయిందని దాని చక్రానికి పొడుగు పైపు తొడిగి బలం పెట్టకండి, మా దాని బిళ్ళ ఎప్పుడో అలాగే ఎవరో ఊడగొట్టి ఉంటారని ఆయన అనుమానం. ముందు మట్టి, తుప్పు బ్రష్షుతో తుడిచి, చక్రం కింద స్పిండిల్ చుట్టూ ఒక నట్టు ఉంటుంది, గ్లాండ్ నట్టు అంటారు, దాన్ని కొంచెం అంటే కొంచెమే వదులు చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్యాలి. మా అత్తయ్యగారు కొబ్బరినూనె పొయ్యమన్నారు, మన దగ్గర జుట్టు నించి తలుపు బందుల దాకా అన్నిటికీ అదే మందు కదా, కానీ అది కొన్నాళ్ళకి జిగురైపోయి ఇంకా పట్టేస్తుందంట, వద్దన్నారు. పొద్దున్న వేడినీళ్ళలో ముంచిన గుడ్డ వాల్వుకి చుట్టి కాసేపాగి, ఒక పానాతో వాల్వు నడుం కదలకుండా పట్టుకుని, ఇది మర్చిపోతే పాత పైపు మెలి తిరిగి ఇంకో చోట పగులుద్ది, రెండో చేత్తో చక్రాన్ని పావు చుట్టు అటు పావు చుట్టు ఇటు, అంతే. కదిలిన కొద్దీ ఇంకొంచెం. గడియారం ముల్లు తిరిగే వైపు కట్టడం, రెండో వైపు వదలడం. మొత్తం తెరిచాక చివరికంటా బిగించి ఉంచకుండా అర చుట్టు వెనక్కి తిప్పి వదలాలి, అలా అయితే మళ్ళీ పట్టెయ్యదు. తిప్పాక స్పిండిల్ దగ్గర చుక్క చుక్క కారితే కంగారు పడకండి, ఆ గ్లాండ్ నట్టుని కొంచెం బిగిస్తే ఆగుద్ది. ఇంత చేసినా కదలకపోతే దాన్ని వదిలేసి మార్పించుకోండి, నాకు పెట్టింది పావు చుట్టు తిరిగే ఇత్తడి బాల్ వాల్వు, పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టినట్టు, చీకట్లో కూడా చేత్తో తడిమి చెప్పచ్చు. వాల్వు 400 రూపాయల లోపే అయ్యింది, గచ్చూ రోడ్డూ పగలగొట్టిన కూలే దానికి పది రెట్లైంది.

ఇంకోటి, ఎవరినీ ఉద్దేశించి కాదు గానీ, మన వీధిలో వాల్వు గుంట మీద మెట్లు కట్టిన వాళ్ళున్నారు, కోళ్ళగూడు పెట్టిన వాళ్ళున్నారు, ఒకరింట్లో అయితే తులసికోటే కట్టారు. తులసమ్మని కదపమని నేను చెప్పలేను, ఆ ఇంటావిడ కూడా "నా చేత్తో నేను కదపలేనే" అంది. వాళ్ళకి గేటు లోపల ఇంకో వాల్వు పెట్టుకోవడం ఒక్కటే దారి, అది కూడా ట్యాంకు దగ్గర ఆపితేనే అవుద్ది, కాబట్టి అలాంటి ఇళ్ళన్నీ కలిసి ఒకే రోజు చేయించుకుంటే ఊరు ఒక్కసారి తిట్టి ఊరుకుంటుంది.

పంచాయతీ వారిని అడిగేది పెద్దదేం కాదండి. మన వీధి రెండో సగం రోడ్డు శాంక్షన్ అయ్యిందని, సంక్రాంతి వెళ్ళాక పోస్తారని విన్నాను. పొయ్యకముందు వీధి వాల్వు ఎక్కడుందో వెతికించండి, ఆ పెద్దాయనని కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగండి, వేపచెట్టు మొదలు ఎక్కడుండేదో చూపించడానికి మా దగ్గర పాత పెళ్ళి ఫోటో ఒకటి ఉంది, ఊరేగింపు వెనకాల ఆ చెట్టు కనపడుద్ది, ఇస్తాను. ప్రతి గుంటకీ రెండు వరసల ఇటుకలు లేపి కొత్త రోడ్డు మట్టానికి మూత పెట్టించండి, మన వీధి వరకూ ఇటుకలు నేను ఇస్తాను, పెరట్లో గోడ పడగొట్టినవి ఉన్నాయి. కాంట్రాక్టరు గారూ, ఎస్టిమేట్‌లో లేదని మీరు అనకండి, పంచాయతీ వారు రాయించాలి, రాయించకపోతే మీరన్నా కాంక్రీటు పోసే ముందురోజు వీధిలో ఒక కేక వెయ్యండి, ఎవరి గుంట వాళ్ళం పైకి లేపుకుంటాం. వాల్వులు ఎక్కడెక్కడున్నాయో గోడ మీద పెయింటుతో బాణం గుర్తు, ఎన్ని అడుగులో అంకె, ఆ అబ్బాయి మారిపోయినా తర్వాత వచ్చే వాళ్ళకి తెలియాలి కదా. ఏటా కాలవలు కట్టిన రోజు ఒకసారి, వదిలిన రోజు ఒకసారి వీధి వాల్వులన్నీ ఆ అబ్బాయి చేత తిప్పించండి, మా ఇంటి వాల్వులు మేం తిప్పుకుంటాం, తేదీ ఎవరూ గుర్తు పెట్టుకోనక్కర్లేదు, ఆ రెండు రోజులూ డెల్టాలో చంటిపిల్లాడికి కూడా తెలుస్తాయి. ఎండల్లో కాలవలు కట్టేసాక ఊరి చెరువులో ఉన్న నీళ్ళే కదండీ మనకి దిక్కు, అప్పుడు కానీ ఇలా ఇంకో పైపు పగిలితే 450 లీటర్లు పారబోసుకునే స్థోమత మనకి ఉందా.

ఇంక నా గుంట. బండ్లు పడిపోతాయని పూడ్చమన్నారు, ఆ మాట నిజమే, మొన్న పాలబ్బాయి సైకిల్ చక్రం దిగింది కూడా. అందుకని అంచులకి సిమెంటు చేయించాను, పైన ఇనప పలక మూత రోడ్డు మట్టానికి పెట్టించాను, ఇటుకల లారీ వెళ్ళినా కదల్లేదు. మా గేటు ఎడమ స్తంభానికి రెండడుగుల దూరంలో ఉంటుంది. దాని చుట్టూ రోజూ పొద్దున్నే ముగ్గు పెడతన్నాను, వాకిట్లో ముగ్గు కాస్తా రోడ్డు మీదకి జరిపాను అంతే, రోడ్డు పోసేవాళ్ళు ముగ్గు మీద కాంక్రీటు పొయ్యడానికి కొంచెం మొహమాటపడతారని నా ఆశ. ఇనస్పెక్షన్‌కి ఎవరొచ్చినా మూత తీసి చూపిస్తాను, పానా, గ్రీజు డబ్బా గేటు వెనకాలే వేలాడదీసి ఉంటాయి, ఎవరికి కావాలన్నా తీసుకెళ్ళండి, తిరిగి అక్కడే తగిలించండి.

ఇట్లు,
పడమటి గది తడిసిన ఇంటావిడ